చేప చెప్పేది ఒకటి, రాయి చెప్పేది ఇంకొకటి

ఇటలీలోని వెరోనాకు దగ్గర్లో బోల్కా అనే ఊరుంది. అక్కడి సున్నపురాయి పలకలుగా చీలుతుంది. దాని వయసు సుమారు 5 కోట్ల ఏళ్లు. ఆ పలకల్లో 200కు పైగా చేప జాతులు శిలాజాలుగా బయటపడ్డాయి. వాటిలో పగడపు దిబ్బల దగ్గర తిరిగే సర్జన్ ఫిష్, బ్యాట్ ఫిష్ కుటుంబాలవి ఉన్నాయి, కవళ్ల కుటుంబానికి చెందినవీ ఉన్నాయి. మేనే ప్రజాతి కూడా ఉంది. అందులో మిగిలిన ఒకే ఒక జాతి ఇప్పటికీ బంగాళాఖాతంలో వలలకు చిక్కుతోంది.

వీటిని చూడగానే వెచ్చని, లోతు తక్కువ సముద్రం అనేస్తాం. అది చేపలు బతికిన నీటి సంగతి. అవి చేరిన అడుగు ఎలాంటిదో రాయిని అడగాలి.

సుమారు 15 డిగ్రీలు దాటిన నీటిలో చచ్చిన చేప పొట్ట వాయువుతో ఉబ్బి పైకి తేలుతుంది. తేలుతూ కుళ్లితే దవడలు ఊడతాయి, పొలుసులు రాలతాయి, తల ఒకచోట, తోక ఒకచోట పడతాయి. బోల్కాలో మాత్రం రెక్కల ముళ్లతో సహా నిండు చేపలు దొరుకుతున్నాయి. అంటే అవి తేలలేదు. అందుకు నీటి బరువు అణచిపెట్టడమో, అడుగున బ్యాక్టీరియా జిగురుపొర కప్పేయడమో కారణమై ఉండాలి. పొరలు కాగితాల దొంతరలా చెదరకుండా ఉన్నాయంటే బురదను కెలికే పురుగులు కూడా లేవన్నమాట. అడుగున ఆక్సిజన్ చాలా తక్కువని దీన్నిబట్టి తెలుస్తుంది. పైన జీవంతో కళకళలాడిన నీరు, కింద ఊపిరాడని బురద. చేపల జాబితా ఒక్కటే చూస్తే ఈ రెండో సగం తెలియదు.

నీటి వేడిని కొలవడానికి పన్ను పనికొస్తుంది. ఎముక గుల్లగా ఉంటుంది కాబట్టి తర్వాత ఇంకిన నీరు దాని రసాయనాన్ని మార్చేస్తుంది. పంటిపై ఉండే ఎనామెల్ లాంటి గట్టిపొర అంత తేలిగ్గా మారదు. దాన్ని ఆమ్లంలో కరిగించి, ఫాస్ఫేట్‌ను వెండి ఫాస్ఫేట్‌గా వేరుచేసి, అందులో బరువైన రకం ఆక్సిజన్ (ఆక్సిజన్-18), తేలికైన రకం ఆక్సిజన్ (ఆక్సిజన్-16) నిష్పత్తి కొలుస్తారు. ఆ నిష్పత్తి వెయ్యికి ఒక వంతు తగ్గితే నీరు సుమారు 4 డిగ్రీలు వేడెక్కిందని లెక్క. చిక్కేమిటంటే, నీరు ఆవిరైపోయి ఉప్పదనం పెరిగినా ఆక్సిజన్-18 పెరుగుతుంది. అప్పుడు వెచ్చని మడుగు చల్లని సముద్రంలా కనిపిస్తుంది. అంచులు అరిగి గుండ్రబడిన పళ్లను పక్కన పెట్టడం మంచిది. పాత పొరలోంచి కొట్టుకొచ్చి కొత్త పొరలో చేరినవి అలాగే ఉంటాయి.

ప్రాణహిత-గోదావరి లోయలోని కోట సున్నపురాయి ఇంకో హెచ్చరిక. ఇది జురాసిక్ కాలం నాటిది. ఇందులో దొరికే టెట్రాగొనోలెపిస్ అనే చేపకు యూరప్‌లో ఉన్న బంధువులు సముద్రపు రాళ్లలో కనిపిస్తాయి. ఆ చుట్టరికం చూసి ఇక్కడా సముద్రమే ఉండేదనుకోవచ్చు. కానీ అదే రాతిలో కీటకాలు, మంచినీటి ఆస్ట్రకాడ్‌లు (రెండు చిప్పల మధ్య ఉండే చిన్న రొయ్యజాతి జీవులు), మంచినీటిలో పెరిగే కేరోఫైట్ నాచు ఉన్నాయి. అందుకే ఎక్కువమంది పరిశోధకులు దీన్ని మంచినీటి సరస్సుగా చూస్తారు.

కాబట్టి తవ్వేచోట అందమైన చేపను మాత్రమే ఏరుకోవడం నష్టం. చేప దగ్గర చీలిన పలక రెండు ముక్కలకూ ఒకే నంబరు వేయాలి, పైవైపు ఏది అన్నది బాణంతో గుర్తించాలి, తల ఏ దిక్కుకు ఉందో దిక్సూచితో చూసి రాసుకోవాలి. చాలా చేపలు ఒకే దిక్కుకు తిరిగి పడి ఉంటే అడుగున ప్రవాహం ఉండేదని అర్థం. రాలిన పొలుసులు, విడి ఎముకలు కూడా పొరవారీగా లెక్కపెట్టాలి. వాటిని పారేస్తే, నిండు చేపలు ఏ పొరలో ఎక్కువ, ఏ పొరలో తక్కువ అన్న పోలికకు ఆధారమే ఉండదు.