బోదకాలు, కాలిపుండ్లు: కడగొద్దని చెప్పిందెవరు?

మా డ్రెస్సింగ్ రూముకి కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోగానే చెప్పే మాట ఇది: "సిస్టరుగారూ, కాలికి చుక్క నీళ్లు తగలకుండా చూసుకుంటున్నామండి." మేం మెచ్చుకుంటామనే అనుకుంటారు పాపం. స్నానానికి ముందు కాలికి పాలిథీన్ కవరు బిగించుకునేవాళ్లున్నారు. కాలు స్టూలు మీద పెట్టుకుని మిగతా ఒంటికే నీళ్లు పోసుకునేవాళ్లున్నారు. వారాల తరబడి ఒకే పాత పంచె ముక్క చుట్టుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ గుడ్డ విప్పితే వాసనకి, తోడొచ్చిన కొడుకే బయటికి వెళ్లి నిలబడతాడు. అప్పుడు ఆ మనిషి తల ఎత్తి మా వైపు చూడలేరు.

బోదకాలు మీద ఊళ్లలో తిరిగే అబద్ధాలు చాలానే ఉన్నాయి. చాలావాటి వల్ల పోయేది డబ్బు. ఈ నీళ్ల అపోహ వల్ల మాత్రం కాలే పాడవుతుంది. అందుకని దీని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: నీళ్లు తగిలితే పుండుకు చీము పడుతుంది, వాపు పెరుగుతుంది

వాస్తవం: చీము పట్టేది కడగనందుకే.

మన ప్రాంతంలో బోదకాలు ఎక్కువగా దోమకాటుతో ఒంట్లో చేరే ఫైలేరియా పురుగు వల్ల వస్తుంది. అది లింఫ్ అనే ఒంటి ద్రవాన్ని మోసే నాళాల్లో ఏళ్ల తరబడి కాపురం పెట్టి వాటిని పాడు చేస్తుంది. కాలు బాగా వాచి మా దగ్గరికి వచ్చేసరికి చాలామందిలో ఆ పురుగు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. మిగిలేవి దెబ్బతిన్న నాళాలు, కదలక నిలిచిపోయిన లింఫ్. అలాంటి కాలి చర్మానికి క్రిముల్ని ఎదుర్కొనే శక్తి తక్కువ. వేళ్ల సందున చిన్న చీలికో, మడమ పగులో, గోకిన గీతో ఉంటే చాలు, బ్యాక్టీరియా లోపలికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఈ జబ్బున్న ప్రతి ఇంటికీ తెలుసు. ఉన్నట్టుండి చలి, వణుకు, గజ్జల్లో బిళ్ల కట్టడం, కాలు ఎర్రబడి ముట్టుకోనివ్వనంత నొప్పి, జ్వరం. కొన్నాళ్లకు జ్వరం తగ్గుతుంది గానీ కాలు మాత్రం పూర్తిగా మునుపటి సైజుకి రాదు. వచ్చిన ప్రతిసారీ మిగిలిన నాళాల్లో మరికొన్ని దెబ్బతింటాయి. బోదకాలు ముదరడం అంటే ఎక్కువ భాగం ఇదే. పురుగు పెరగడం కాదు, పదే పదే వచ్చే ఈ ఇన్‌ఫెక్షన్.

మా వైపు ఈ జ్వరానికి అమావాస్య, పున్నమి లెక్క కడతారు. క్యాలెండర్ చూస్తారు, వేళ్ల సందులు మాత్రం చూసుకోరు.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. బ్రెజిల్‌లోని రెసీఫెలో జెరూషా డ్రేయర్ అనే డాక్టరు, ఆమె సహచరులు బోదకాలు ఉన్నవాళ్లని ఒకచోట చేర్చి, చర్మం చిట్లిన చోట్లని వెతుక్కోవడం, కడుక్కోవడం, తుడుచుకోవడం నేర్పించారు. జ్వరాలు బాగా తగ్గాయి. ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సంరక్షణలో కూడా మొదటి మెట్టు కాలు కడుక్కోవడమే. మన దగ్గర ఫైలేరియా సిబ్బంది బాధితులకిచ్చే కిట్టులో టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, క్రీము ఉండేది అందుకే. ఆ టబ్బులో బియ్యం పోసుకున్న ఇళ్లు కూడా చూశాను, అది వేరే కథ.

ఊడ్పులకెళ్లే ఒక పెద్దావిడ వచ్చేవారు. వానలు మొదలైతే చాలు, ఆవిడకి బిళ్ల, జ్వరం. వచ్చిన ప్రతిసారీ ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది, నాలుగు బానోసైడ్ మాత్రలు (ఫైలేరియా పురుగు మీద పనిచేసే డీఈసీ మందు). వేళ్లు విడదీసి చూపించమంటే, "అక్కడేముందమ్మా, వాపు ఇక్కడైతే!" అని పిక్క చూపించారు. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం నాని, తెల్లగా చెడి, లోపల ఎర్రగా చీరుకుపోయి ఉంది. ఫంగస్. సబ్బు, క్రీము ఇచ్చి, ఎలా కడగాలో కోడలికి చూపించి పంపాం. ఆవిడకి నచ్చలేదు. "ఇంత దూరం వస్తే సబ్బు చేతిలో పెట్టి పంపుతావేంటమ్మా, సెలైనన్నా ఎక్కించవూ?" అన్నారు. మరుసటేడు మళ్లీ వచ్చారు, ఈసారి పక్కింటావిడని వెంటబెట్టుకుని. తన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు గానీ, ఆ పక్కింటావిడ వేళ్లు విడదీసి నాకు చూపించింది మాత్రం ఆవిడే.

కడగడంలోనూ తేడాలున్నాయి. నీళ్లు మామూలువి చాలు, వేడినీళ్లు వద్దు. మామూలు ఒంటి సబ్బు చాలు, డెట్టాల్ పోయక్కర్లేదు. మోకాలి దగ్గర మొదలుపెట్టి కిందికి చేత్తో మెల్లగా రుద్దాలి. పీచు, బ్రష్షు, రాయి వాడొద్దు. చర్మం మడతలు పడితే ప్రతి మడతా తెరిచి కడగాలి. సబ్బు జిగురు పోయేదాకా నీళ్లు పోయాలి. అందరూ వదిలేసే పని దీని తర్వాతది: ఆరబెట్టడం. మెత్తటి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. వేళ్ల సందుల్లోకి తువ్వాలు దూరదు, పాత నూలు చీర ముక్కో, గాజుగుడ్డో దూర్చి తడి తీయాలి. కడిగి తడి వదిలేస్తే ఫంగస్‌కి మనమే చోటిచ్చినట్టు. సందులు తెల్లబడితే డాక్టరు రాసిన ఫంగస్ క్రీము పూయాలి. చర్మం ఎండిపోతే కొబ్బరినూనె రాయొచ్చు, వేళ్ల మధ్య తప్ప. వంగలేనివాళ్లకి ఇంట్లో ఒకరు సాయం చేయాలి. రోజుకి ఒకసారైనా, పొలం నుంచి వచ్చాక అయితే మరీ మంచిది.

పుండు ఉంటే దాన్నీ కడగాలి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో టీ చెంచాన్నర ఉప్పు కలిపి పోస్తే చాలు. నురగ వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ చూస్తే మురికంతా పోతున్నట్టే ఉంటుంది. నిజానికి కొత్తగా పుడుతున్న కండని కూడా అది కాల్చేస్తుంది. స్పిరిట్ అయినా అంతే.

జ్వరం వచ్చిన రోజున మాత్రం పద్ధతి వేరు. కాలు ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి, చల్లటి తడిగుడ్డ వేయాలి, నీళ్లు బాగా తాగాలి, జ్వరానికి పారాసిటమాల్ వేసుకోవాలి. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. కాపడం పెట్టొద్దు, మర్దన చేయొద్దు, కట్టు బిగించొద్దు, వ్యాయామం వద్దు. బానోసైడ్ ఆ రోజు మందు కాదు. జ్వరం తగ్గించదు సరికదా, ఆ సమయంలో మొదలుపెట్టనే కూడదు. పదే పదే వచ్చేవాళ్లకి కొందరు డాక్టర్లు మూడు వారాలకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ పెడతారు. అది అలవాటైపోతుందని మధ్యలో మానేయకండి.

అపోహ: బోదకాలికి పుండు పడితే ఇక జన్మలో మానదు

వాస్తవం: చాలావరకు మానతాయి. మానకపోతే, పుండు ఎందుకు పడిందో ఎవరూ వెతకలేదని అర్థం.

వాపు ఒక్కటే ఉంటే పెద్ద పుండ్లు తరచుగా పడవు. కాబట్టి పుండు కనిపిస్తే ఇంకేదో తోడైందేమో చూడాలి. చీలమండ పైన లోపలి వైపు, చుట్టూ చర్మం నల్లబడి ఉంటే వెరికోస్ వెయిన్స్ (ఉబ్బిన సిరలు) అనుమానించాలి. అరికాలిలో నొప్పి తెలియని పుండు అయితే షుగర్. వేళ్ల కొసలు నల్లబడి, రాత్రిళ్లు నొప్పితో నిద్ర లేక, కాలు మంచం కిందికి వేలాడేసుకుంటే కాస్త సుఖంగా ఉందంటే రక్తం సరిగా అందడం లేదు. బీడీ, చుట్ట కాల్చేవాళ్లలో ఇది ఎక్కువ. ఇవి చూడకుండా ఏడాదిగా ఆయింట్‌మెంట్లు మారుస్తూ వచ్చినవాళ్లని చూస్తే కోపం వస్తుంది. వాళ్ల మీద కాదు.

సిరల పుండుకీ వాపుకీ అసలు మందు కట్టే. ట్యూబులో ఉండేది కాదు. షార్ట్ స్ట్రెచ్ బ్యాండేజ్ (ఎక్కువ సాగని కట్టు) వేలి మొదళ్ల నుంచి మొదలుపెట్టి, ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పేలా, చీలమండ దగ్గర బిగువు ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా మోకాలి దాకా కట్టాలి. పొద్దున్న మంచం దిగకముందే కట్టుకుంటే మేలు. మెడికల్ షాపులో క్రేప్ బ్యాండేజ్ కొని బస్తా మూతి కట్టినట్టు పిక్క మీద బిగించుకుని వస్తారు. దాని కింద పాదం ఇంకా ఉబ్బుతుంది.

ఏ కట్టుకైనా ముందు కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో చూడాలి. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె 0.5 కంటే తక్కువైతే బిగువు కట్టు కట్టకూడదు, కాలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. 0.8 దాటితే సాధారణంగా పరవాలేదు. ఈ రెంటికీ మధ్య ఉంటే వాస్కులర్ డాక్టరు చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లలో ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా చూపించొచ్చు, అందుకని ఒక్క అంకెనే నమ్మకూడదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు కూడా అడగకుండా కట్టుకోవద్దు.

పుండు గాలికి ఆరాలని తెరిచి పెట్టడం ఇంకో అలవాటు. ఈగలు వాలి పురుగులు పడేది అలాగే. శుభ్రంగా కడిగి, అంటుకోని డ్రెస్సింగ్ వేసి, కొంచెం తడి నిలిచేలా ఉంచితేనే కొత్త చర్మం పాకుతుంది. పౌడరు, పసుపు, ఆకు పసరు గట్టిపడి పెచ్చు కడతాయి, కింద చీము దాగుతుంది. ఏళ్ల తరబడి ఉన్న పుండు అంచులు ఉబ్బి, ముట్టుకుంటే రక్తం కారుతుంటే బయాప్సీ చేయించాలి. అరుదుగా అందులో క్యాన్సర్ ఉంటుంది. ముక్క తీస్తే పాకుతుందని భయపడి ఆగిపోకండి. ఆలస్యం చేస్తేనే పాకుతుంది.

ఇక మిగతావి.

అంటుకుంటుందా? ముట్టుకుంటే అంటుకోదు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ద్వారానే వస్తుంది. మనవణ్ని దగ్గరికి రానివ్వకుండా వసారాలో విడిగా పడుకునే నాయనమ్మల్ని చూస్తే బాధేస్తుంది. నిజానికి రక్తంలో మైక్రోఫైలేరియా (పురుగు పిల్లలు) ఉండి ఇతరులకు చేరేది చాలాసార్లు చూడ్డానికి ఏ జబ్బూ లేని మనిషి నుంచే.

అందుకే ఇంటింటికీ వచ్చి ఇచ్చే మాత్రలు అందరూ మింగాలి. డీఈసీ దేశంలో 2004 నుంచి ఇస్తున్నారు, 2007 నుంచి దానికి ఆల్బెండజోల్ కలిపారు, 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చారు. 2027 నాటికి ఫైలేరియాని నిర్మూలించాలన్నది కేంద్రం లక్ష్యం. రెండేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకి ఇవ్వరు. మింగాక కొందరికి తలనొప్పి, ఒళ్లు వెచ్చబడటం ఉంటుంది. ఒంట్లో ఉన్న పురుగులు చచ్చేటప్పుడు అలా అవుతుంది. వాచిన కాలు ఈ మాత్రలతో తగ్గదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

నీరు పట్టింది కదా అని మంచినీళ్లు తగ్గించడం, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే లాసిక్స్ మాత్రలు వేసుకోవడం రెండూ దండగ. ఒంట్లో ఉప్పూ నీరూ పోతాయి, లింఫ్ వాపు అక్కడే ఉంటుంది.

నడవొచ్చా? జ్వరం లేనప్పుడు నడవాలి. కూర్చున్నప్పుడు మడమ కదుపుతూ ఉండాలి, కాలు ఎత్తులో పెట్టుకోవాలి. ఆపరేషన్? వరిబీజానికి ఆపరేషన్ మంచి వైద్యమే, సిగ్గుపడి దాచుకోవద్దు. కాలికి మాత్రం ఆపరేషన్‌తో పూర్తి నయం అనేవాళ్ల దగ్గర డబ్బు కట్టకండి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచేవాళ్లకి కూడా చర్మం విషయంలో ఈ జాగ్రత్తలే.

పెళ్లి కావలసిన అమ్మాయిలు పాదం మీద కొద్దిగా వాపుతో వస్తారు. నిద్ర లేదు, టెన్షన్, ఇంట్లో గుసగుసలు. వాచిన ప్రతి కాలూ బోదకాలు కాదు. కిడ్నీ, థైరాయిడ్, రక్తహీనత, కాలి సిరలో గడ్డ, ఏదైనా కావచ్చు, పరీక్ష చేయించండి. ఒకవేళ ఫైలేరియానే అయినా, ఈ దశలో పట్టుకుని శుభ్రత పాటిస్తే జీవితాంతం కాలు ఇలాగే ఉండిపోయే అవకాశం చాలా ఎక్కువ. వాళ్ల అమ్మలు అడిగే తర్వాతి ప్రశ్న, అవతలివాళ్లకి చెప్పాలా వద్దా అని. చెప్పమనే అంటాను.

చెప్పులు పట్టడం లేదని వట్టి కాళ్లతో తిరిగేవాళ్లకి ఒక మాట. మెత్తటి అడుగున్న ఎంసీఆర్ చెప్పులకి వెడల్పు పట్టీలు, వెల్‌క్రో పెట్టి కుట్టించుకోవచ్చు. చెప్పులు కుట్టే ఆయనకి కొలత ఇవ్వడానికి అట్టముక్క మీద పాదం ఆనించి చుట్టూ గీత గీసుకుని తీసుకెళ్లండి. ఆ గీత సాయంత్రం పూట గీయండి, వాపు ఎక్కువగా ఉండేది అప్పుడే.