తలుపుల లెక్క

విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్ల ముందు గదిలో, స్విచ్‌బోర్డుకి జానెడు పైన, గోడ పొడుగునా ఒక గోధుమరంగు గీత ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ఊరి పక్కగా పారే బుడమేరు వాగు పొంగి, ఆ నీళ్లు అక్కడిదాకా వచ్చి, ఎటూ పోకుండా రోజుల తరబడి నిలబడ్డాయి. ఆ తర్వాత రెండుసార్లు రంగు వేయించారు. వానాకాలం చెమ్మ ఎక్కగానే గీత మళ్లీ బయటపడుతుంది. మూడోసారి వేయించేది లేదని బాబాయ్ తేల్చి చెప్పేశాడు.

ఆ వరద తర్వాత విజయవాడలో టీ కొట్టు దగ్గరైనా, ఆటోలోనైనా ఒకటే మాట: "జనం పెరిగిపోయారండీ, ఏరు మాత్రం ఎటు పోతుంది?" మాట తప్పని అనను. కాకపోతే ఆ 'జనం' అనే మాటని కాస్త విప్పి చూడాలి.

1901 లెక్కల్లో బెజవాడ జనం 24 వేల పైచిలుకు. 2011 నాటికి 10 లక్షలు దాటారు. అంటే నలభై రెట్లు పైనే. అదే కాలంలో ప్రపంచ జనాభా సుమారు 160 కోట్ల నుంచి 700 కోట్లకు, అంటే నాలుగున్నర రెట్లు పెరిగింది. ఇంత తేడా కాన్పులతో రాదు. ఊరికి జనం వచ్చి చేరారు. ఎందుకు వచ్చారో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి.

1832-33లో గుంటూరు సీమలో వచ్చిన కరువుని మన పెద్దలు డొక్కల కరువు అన్నారు, నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అని కూడా అన్నారు. జిల్లాలో ఉన్న సుమారు 5 లక్షల మందిలో ఒకటిన్నర నుంచి 2 లక్షల మంది పోయారని అంచనా. కృష్ణ పక్కనే పారుతున్నా ఆ నీటిని పొలానికి ఎక్కించే దారి అప్పటికి లేదు. కాటన్ పట్టుబట్టగా, కెప్టెన్ ఓర్ దగ్గరుండి నడిపించగా 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. డెల్టా పచ్చబడింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చాక బెజవాడ కూడలి అయిపోయింది. పాత ఆనకట్ట 1952లో తెగితే, ఇప్పుడు మనం స్కూటర్ మీద దాటుతున్న ప్రకాశం బ్యారేజి 1957కి సిద్ధమైంది. నదిని మలుచుకున్నాం కాబట్టే ఇంతమందిమి ఉన్నాం. ఈ సంగతి మర్చిపోయి ప్రకృతి జోలికి వెళ్లకూడదంటూ మాట్లాడేవాళ్లని చూస్తే నాకు చిరాకు. డొక్కల కరువు కూడా ప్రకృతే.

ఇక కాన్పుల సంగతి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలవాలంటే సుమారు 2.1 ఉండాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధనను 2024లో మన రాష్ట్రం తీసేసింది కూడా. ప్రపంచ జనాభా 2022 నవంబరులో 800 కోట్లకు చేరినా, 2080ల్లో సుమారు 1030 కోట్ల దగ్గర ఆగి, ఆపైన తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. పిల్లలు తగ్గినా ఇన్నేళ్లు ఎందుకు పెరుగుతుందంటే, జోరుగా పుట్టిన తరం ఇప్పుడు పెళ్లీడులో ఉంది. ఒక్కొక్కరు కన్నది తక్కువే అయినా, కనేవాళ్లు ఎక్కువ.

మరి జనం జోరు తగ్గుతుంటే ఇళ్ల జోరు ఎందుకు తగ్గడం లేదు? మా ఇంటి లెక్కే చెబుతాను. తాతయ్య వాళ్లు గవర్నర్‌పేటలో రెండు గదుల వాటాలో తొమ్మిది మంది ఉండేవాళ్లు. ఒక తలుపు, ఒక పొయ్యి, వీధి కుళాయి. ఇవాళ ఆ సంతానమంతా కలిపితే పద్నాలుగు మంది. తలుపులు మాత్రం ఆరు. ఆరు ఫ్రిజ్‌లు, ఆరు మోటార్లు, బండ్లు లెక్కపెట్టలేదు. తలలు ఒకటిన్నర రెట్లు పెరిగితే తలుపులు ఆరు రెట్లయ్యాయి. భూమి మీద బరువు పెట్టేది తలుపే. ఇటుక, ఇసుక, సిమెంటు, కరెంటు అన్నీ తలుపు చొప్పున ఖర్చవుతాయి. ఇద్దరున్న ఇంట్లో ఫ్రిజ్ నలుగురున్న ఇంటి ఫ్రిజ్‌లో సగం కరెంటు తాగదు కదా.

ఒక్క తలుపు వెనకాల ఎంత నీళ్లున్నాయో చూడండి. 120 గజాల స్థలమంటే సుమారు 100 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన కురిస్తే 10 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండు. స్లాబ్ మీద పడ్డ నీళ్లు పైపులో దిగి నిమిషాల్లో రోడ్డెక్కుతాయి. అదే స్థలం వరిచేనుగా ఉన్నప్పుడు అడుగెత్తు గట్టు ఆ వానని చేలోనే పట్టి ఉంచేది. చాలామంది ఇక్కడ నేల ఇంకించుకునేదని అంటారు. మన నల్లరేగడి తడిసి ఉబ్బాక పెద్దగా ఇంకించుకోదు. ఆపేది గట్టే. లేఅవుట్ వేసేవాళ్లు మొదట చదును చేసేదీ గట్టునే.

మా కాలనీల వాన నీళ్లే మమ్మల్ని ముంచాయని కూడా చెప్పను. మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు కొల్లేరులో కలవాలి. ఊరికి ముప్పు తప్పించడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, వరదని డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి మళ్లిస్తారు. ఆ రోజుల్లో కృష్ణ కూడా పొంగి ఉంది. బ్యారేజి దగ్గర రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు పోతున్నాయి. నిండిన బిందెలో చెంబు వంచితే ఏమవుతుంది? కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. నీళ్లు తమ పాత పల్లాన్ని వెతుక్కుంటూ వచ్చాయి. ఆ పల్లంలో ఇప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ఉన్నాయి. పల్లం కాబట్టే స్థలం చవక, చవక కాబట్టే కూలీలు, ఆటోవాళ్లు, చిన్న ఉద్యోగులు అక్కడ కొనుక్కున్నారు. వాళ్లని ఆక్రమణదారులంటూ ఒక్క గాటన కట్టేవాళ్లు, బెంజి సర్కిల్ దగ్గర అద్దె ఎంతో కూడా చెబితే బాగుంటుంది. కింద కొల్లేరులోనూ చేపల చెరువుల గట్లు నీళ్లకి అడ్డం పడ్డాయి. 2006లో ప్రభుత్వం వందల చెరువుల గట్లు కొట్టించింది.

వరద తర్వాత మా పిన్ని వాళ్ల వీధిలో కొత్త అలవాటు మొదలైంది. ఇల్లు కట్టేవాళ్లంతా పునాది లేపుతున్నారు. పక్క ఖాళీ స్థలంలో లారీలు గ్రావెల్ దింపుతున్నాయి. ఎక్కడో కొండ తవ్వి తెచ్చిందే అది. ఒక్కో స్థలం లేచే కొద్దీ నీళ్లు నిలవడానికి మిగిలేది పాత ఇళ్ల ముంగిలే. మొన్న వెళ్లినప్పుడు ఆ పక్క స్థలం మేస్త్రీ టేపు పట్టుకుని పిన్ని వాళ్ల ముందు గదిలోకి వచ్చాడు. గీత ఎత్తు కొలిచి, చెవి వెనక పెట్టుకున్న పెన్సిల్ తీసి చీటీ మీద రాసుకున్నాడు. "దీనికి ఇంకో రెండడుగులు కలిపి పోస్తే చాలంటారా, బాబాయ్ గారూ?" అని అడిగాడు.