కత్తి దూయని సమురాయ్: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎడిటింగ్ నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లకు తప్పకుండా చూపించే సినిమా ఒకటుంది. సమురాయ్‌ల (పాతకాలపు జపాన్ యోధుల) మీద జపాన్ దర్శకుడు సదావో యమనకా 1937లో తీసిన ‘హ్యుమానిటీ అండ్ పేపర్ బెలూన్స్’. చూడకముందే వాళ్లు అనే మాటలు కొన్ని ఉంటాయి.

అపోహ: సమురాయ్ సినిమాలు జపాన్ దర్శకుడు కురొసావాతోనే మొదలయ్యాయి.
వాస్తవం: కురొసావా ‘సెవెన్ సమురాయ్’ వచ్చింది 1954లో. మూకీల కాలానికే జపాన్‌లో ఈ సినిమాలకు మంచి గిరాకీ ఉండేది.

అపోహ: కత్తియుద్ధం లేకపోతే అది సమురాయ్ సినిమానే కాదు.
వాస్తవం: ఈ కథ ‘ఎదో’ (ఇప్పటి టోక్యో) నగరంలోని ఓ పేదల వాడలో, ఒక ముసలి సమురాయ్ ఉరేసుకున్నాడన్న వార్తతో మొదలవుతుంది. కత్తితో ప్రాణం తీసుకోవచ్చు కదా అంటే, తిండి కోసం దాన్ని ఎప్పుడో అమ్ముకున్నాడు, ఒరలో ఉన్నది వెదురుబద్ద. అదే వాడలో ఉండే ఉన్నో అనే నిరుద్యోగ సమురాయ్, ఒకప్పుడు తన తండ్రి నుంచి సాయం పొందిన అధికారి చుట్టూ ఉద్యోగం కోసం కాళ్లరిగేలా తిరుగుతాడు. ఆయన రేపు రా అంటూ తప్పించుకుంటాడు. ఇంటికొచ్చి భార్యకు మాత్రం పని అయ్యేలా ఉందని చెబుతాడు ఉన్నో. ఆమె కాగితపు బుడగలు చేసి ఇల్లు నడుపుతుంటుంది. ఆ అబద్ధం చెప్పేటప్పుడు అతని ముఖం చూడండి. ఏ కత్తియుద్ధమూ నన్ను అంత కదిలించలేదు.

అపోహ: చావును తెరమీద చూపిస్తేనే ప్రేక్షకుడికి తగులుతుంది.
వాస్తవం: నాకు ఈ సినిమా మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం ఇదే. క్షురకుడు షింజా వంతెన దగ్గర రౌడీల నాయకుడికి ఎదురు నిలుస్తాడు, ఫలితం తేలకముందే కట్. ఉన్నో నిద్రపోతుంటాడు, భార్య చేతిలో కత్తి కనిపిస్తుంది, మళ్లీ కట్. తెల్లారాక ఇరుగుపొరుగు మాటల్లోనే విషయం తెలుస్తుంది. ఏది చూపించకూడదో తేల్చుకోవడమే ఎడిటింగ్‌లో కష్టమైన పని.

అపోహ: ఇందులో ఉన్నది కబుకి (జపాన్ సంప్రదాయ నాటకం) నటులు కదా, నాటకంలా సాగుతుంది.
వాస్తవం: జెన్షిన్‌జా అనే నాటక బృందం నటులు ఇందులో మామూలు మనుషుల్లాగే మాట్లాడుకుంటారు.

అపోహ: అంత గొప్ప దర్శకుడైతే మనకు పేరైనా తెలిసేది.
వాస్తవం: ఈ సినిమా విడుదలైన రోజుల్లోనే యమనకాను సైన్యంలోకి పిలిచారు. 1938లో చైనాలో జబ్బుచేసి చనిపోయారు, అప్పటికి వయసు 28. ఇరవైకి పైగా తీసిన సినిమాల్లో పూర్తిగా మిగిలినవి మూడే. వాటిలో టాంగే సాజెన్ అనే కత్తివీరుడి పాత్రతో 1935లో తీసిన సినిమా హాయిగా నవ్విస్తుంది. ముందు అది చూసి, తర్వాత దీనికి రండి.