స్కూబా సిలిండర్‌లో ఏ గాలి ఉండాలి?

డైవర్ వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండర్ అని చాలామంది అనుకుంటారు. చాలావరకు అందులో ఉండేది మామూలు గాలే, 21 శాతం ఆక్సిజన్, మిగతాది దాదాపు అంతా నైట్రోజన్. ఉత్త ఆక్సిజన్ పీలుస్తూ 6 మీటర్లు దాటితే ప్రాణం మీదికొస్తుంది.

సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ సుమారు ఒక బార్ పీడనం పెరుగుతుంది. పైనున్న వాతావరణంతో కలిపితే 30 మీటర్ల దగ్గర 4 బార్లు, అందులో ఆక్సిజన్ వాటా 0.84 బార్. శరీరం పట్టించుకునేది శాతాన్ని కాదు, ఈ వాటాని. ఇది బాగా పెరిగితే ముందస్తు సూచన కూడా లేకుండా ఫిట్స్ రావచ్చు, నీళ్లలో ఫిట్స్ అంటే నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ జారిపోయి మునిగిపోవడమే. అందుకే వినోదానికి డైవ్ చేసేవాళ్లు ఆ వాటా 1.4 బార్ దగ్గరే ఆగుతారు.

మరి ఆక్సిజన్ పెంచడం దేనికి? నైట్రోజన్ తగ్గించడానికి. లోతులో అది ఒంట్లో కరుగుతుంది, ఎక్కువసేపు ఉండి గబగబా పైకొస్తే బుడగలు కట్టి కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా తెస్తుంది. ఆక్సిజన్ శాతం పెంచిన గాలిని నైట్రాక్స్ అంటారు, 32 శాతం ఉన్న నైట్రాక్స్‌తో ఈ గొడవ కొంత తగ్గుతుంది: డైవింగ్ శిక్షణ సంస్థ పాడి (PADI) పట్టికల ప్రకారం 18 మీటర్ల దగ్గర మామూలు గాలితో 56 నిమిషాలు ఉండగలిగితే, దీంతో 95.

కానీ నైట్రాక్స్ ఇంకా లోతుకి వెళ్లడానికి కాదు, ఉన్న లోతులో ఎక్కువసేపు ఉండడానికి. ఆ 1.4 లెక్కన 32 శాతంతో హద్దు సుమారు 33 మీటర్లు, 36 శాతంతో 28. కాబట్టి ముందు చూడాల్సింది అడుగు ఎంత లోతులో ఉందో. 25 మీటర్ల దగ్గర ఇసుక తగిలే చోట 36 హాయిగా వాడొచ్చు. కింద అడుగే కనబడని కొండగోడ పక్కన మాత్రం, అదుపు తప్పి దిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, నేనైతే తక్కువ శాతమే ఎంచుకుంటాను. పది మీటర్ల రీఫ్‌లో ఒకే ఒక్క డైవ్‌కి నైట్రాక్స్ దండగ, నైట్రోజన్ హద్దు రాకముందే సిలిండర్ ఖాళీ అవుతుంది. లోతులో నైట్రోజన్ వల్ల వచ్చే మత్తుని కూడా ఇది తగ్గిస్తుందని నమ్మకండి, ఆక్సిజన్‌కీ మత్తు గుణం ఉందనే లెక్కలోనే శిక్షణ ఇస్తారు. ఆ మత్తు తగ్గాలంటే హీలియం కలపాలి, అది వేరే చదువు.

ఏ మిశ్రమమైనా ఆక్సిజన్ శాతం చూపించే ఎనలైజర్ పెట్టి స్వయంగా కొలుచుకోవాలి. 32 అడిగితే 34 చూపించిందా, హద్దు 31 మీటర్లకి వచ్చినట్టే, సిలిండర్ మీద టేపు అంటించి అదే రాసి, డైవ్ కంప్యూటర్‌లో కూడా 34 అనే పెట్టాలి.