మందారం పూయడం లేదా? మందు కొనే ముందు ఒకసారి ఇది చదవండి: అపోహలు - వాస్తవాలు

నర్సరీలో మొక్కలు పెంచడం, ఇళ్ళకు వెళ్ళి పెరటి తోటలు చూడడం నా పని. నాకు వచ్చే ఫోన్లలో సగం మందారం గురించే ఉంటాయి. "నాలుగేళ్ళ చెట్టండీ, గోడ దాటి పెరిగింది, ఆకులు కళకళలాడుతున్నాయి, పూలు మాత్రం లేవు, ఏం మందు వెయ్యమంటారు?" అని అడుగుతారు. నేను మందు చెప్పను, ముందు నాలుగు ఫోటోలు పంపమంటాను. పువ్వుది ఒకటి, ఆకుది ఒకటి, కొమ్మ చివరిది ఒకటి, ఆకు అడుగుభాగానిది ఒకటి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

అపోహ: మందారాలన్నీ ఒకటే, అన్నిటినీ ఒకేలా చూసుకోవాలి.

మన పెరళ్ళలో తరతరాలుగా ఉన్నది, కొన్నిచోట్ల దాసాని అని పిలిచేది, సంస్కృతంలో జపాకుసుమం. నవగ్రహ శ్లోకాల్లో సూర్యుడి రంగుకు పోలిక తెచ్చింది ఈ పువ్వునే. శాస్త్రీయ నామం హైబిస్కస్ రోజా సైనెన్సిస్, అంటే చైనా గులాబి, 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. ఆకు నిగనిగలాడుతూ అంచున రంపపు పళ్ళతో ఉంటుంది, నలిపితే జిగురు వస్తుంది. పువ్వు మధ్యలోంచి పొడుగ్గా ఒక గొట్టం బయటికి వస్తుంది, దాని చుట్టూ పసుపు కేసరాలు, కొసన అయిదు చిన్న బొడిపెలు. బెండ, పత్తి, గోంగూర కూడా ఈ కుటుంబానివే, ఒక బెండపువ్వు పక్కన పెట్టి చూస్తే పోలిక తెలిసిపోతుంది. ముద్దమందారంలో ఆ గొట్టం సరిగ్గా కనబడదు, ఎందుకంటే అక్కడ కేసరాలే రెక్కలుగా మారిపోయాయి.

ఈ గుర్తులు ఎందుకు చెబుతున్నానంటే, ఒకావిడ మూడు నెలలు రకరకాల మందులు కొట్టి, "మొగ్గలు వస్తున్నాయి కానీ విచ్చుకోవట్లేదు" అని బాధపడుతూ ఫోన్ చేశారు. ఫోటో చూస్తే అది ఎర్రమిరపకాయలా కిందికి వేలాడే పువ్వు, దాని పేరు మాల్వవిస్కస్, మందారానికి చుట్టమే గానీ మందారం కాదు. ఆ పువ్వు ఎప్పటికీ పూర్తిగా విచ్చుకోదు, దాని తీరే అది. అలాగే పొద్దున తెల్లగా పూసి సాయంత్రానికి గులాబీ రంగుకు తిరిగే పెద్దాకుల రకం వేరు, రెక్కలు చీలికలై జుంకీలా వేలాడేది వేరు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొందరు ఇంటి ముందు మందారం చలికాలంలో ఎండిపోయిందని పీకేశామంటారు. అక్కడ ఆరుబయట మంచును తట్టుకునేది ఎక్కువగా హైబిస్కస్ సిరియాకస్, దానికి చలికాలంలో ఆకు రాలడం మామూలే, వసంతంలో మళ్ళీ చిగురిస్తుంది. మన ఎర్రమందారానికైతే పది డిగ్రీల లోపు చలి పడదు, కుండీలో పెట్టి లోపలికి తెచ్చుకోవాల్సిందే.

అపోహ: పూలు రాలేదంటే చెట్టుకు బలం చాలలేదు, గుప్పెడు డీఏపీ ఎరువు వెయ్యాలి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం ఉంటాయి. మందారానికి భాస్వరం అవసరం చాలా తక్కువ. ఎక్కువైన భాస్వరం నేలలోనే ఉండిపోయి ఇనుము, జింకు వేళ్ళకు అందకుండా అడ్డుపడుతుంది. దాంతో చిగురాకులు పసుపెక్కుతాయి, ఆ పసుపు చూసి ఇంకో గుప్పెడు వేస్తారు, చెట్టు ఇంకా నీరసపడుతుంది. ఎముకల పొడీ ఎక్కువైతే అంతే. నేలలో బాగా పాతుకున్న చెట్టుకు నేను వేసేది ఏడాదికి రెండుసార్లు బాగా చివికిన పశువుల ఎరువు రెండు తట్టలు, దాంతో గుప్పెడు వేపపిండి, పూత కాలంలో నెలన్నరకోసారి పొటాషియం సల్ఫేట్ 20 గ్రాములు. మొదలుకు ఆనించకుండా పాదు అంచున వేసి నీళ్ళు పెడతాను. అరటితొక్కల నీళ్ళు పోస్తే నష్టం లేదు, కానీ వాటిని నమ్ముకుని కూర్చోకండి.

అసలు కారణం చాలా ఇళ్ళలో ఎండ. చెట్టు నాటినప్పుడు పక్కన ఖాళీ స్థలం, ఇప్పుడు అక్కడ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. రోజుకు అయిదారు గంటల నేరు ఎండ తగలకపోతే మీరు ఏం పోసినా ఆకులే వస్తాయి.

అపోహ: కొమ్మలు కత్తిరిస్తే పూలు పోతాయి, చెట్టు ఏడుస్తుంది.

మందారం కొత్త చిగురు మీదే పూస్తుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు. కత్తిరించని చెట్టు ఏటా పైపైకి పోతుంది, కింద కొమ్మలు బోసిపోతాయి, ఉన్న నాలుగు చివళ్ళలో నాలుగు పూలు పూస్తాయి. ఒక కొమ్మను కత్తిరిస్తే కింది కణుపుల్లోంచి రెండు మూడు చిగుళ్ళు లేస్తాయి, ప్రతి చిగురూ పూసే కొమ్మే అవుతుంది. తొలకరి పడ్డాక ఒకసారి గట్టిగా, చలి తగ్గాక ఫిబ్రవరిలో ఒకసారి తేలికగా కత్తిరించండి. మే ఎండల్లో మాత్రం ముట్టుకోకండి, కొత్తగా బయటపడ్డ కొమ్మల బెరడు మాడిపోతుంది. పదును కత్తెరతో, బయటివైపు చూసే కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా కత్తిరించాలి. ఒకేసారి మూడో వంతుకు మించి తియ్యొద్దు. పదేళ్ళ ముసలి పొదైతే మూడు విడతలుగా దించుకుంటూ రండి. ఆ తర్వాత రెండు, రెండున్నర నెలలు పూలు కనబడవు. ఆ టైములోనే జనానికి టెన్షన్ మొదలై డీఏపీ కొనుక్కొస్తారు, దయచేసి ఆగండి.

నర్సరీ నుంచి తెచ్చినప్పుడు అడుగెత్తు మొక్కకు పది పూలున్నాయి, ఇంటికొచ్చాక పొడుగు సాగిపోయింది అని కూడా అంటారు. అమ్మకానికి పెంచే మొక్కలకు కొన్నిచోట్ల ఎదుగుదల తగ్గించే మందు ఇస్తారు, దాని ప్రభావం పోయాక మొక్క తన అసలు తీరుకు వస్తుంది. అంతే, మిమ్మల్ని మోసం చేశారనీ కాదు, మీ చేయి మంచిది కాదనీ కాదు.

అపోహ: చీమలు పట్టాయి, చీమల మందు చల్లాలి.

చీమలు మందారాన్ని తినవు. పిండినల్లి, పేనుబంక అనే చిన్న పురుగులు చెట్టు రసం పీల్చి విసర్జించే తియ్యటి జిగురు కోసం వస్తాయి, ఆ పురుగులకు కాపలా కూడా కాస్తాయి. ఆకుల మీద నల్లటి మసి కనబడితే అదీ ఆ జిగురు మీద పెరిగిన బూజే. చేతికందే చెట్టయితే మొదట పైపు పెట్టి నీళ్ళు గట్టిగా కొట్టి కడిగేయండి, బాగా పట్టిన కొమ్మ చివళ్ళు తుంచి దూరంగా పారేయండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి, వారానికోసారి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి. పక్కనే బెండ, బొప్పాయి ఉంటే అవి కూడా చూడండి, వాటినీ పిండినల్లి పడుతుంది.

ఇక్కడొక సంగతి. పిండినల్లిలాగే తెల్లటి దూదిపోగులు కప్పుకుని, అంతకంటే పెద్దగా, చురుగ్గా తిరిగే పురుగు కనిపిస్తే చంపకండి. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల, పిండినల్లిని తినేది. దాన్ని 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెప్పించారు. అది మీ చెట్టు మీద కనబడితే మందు కొట్టడం ఆపేయండి.

అపోహ: ఆకు పసుపెక్కితే నీళ్ళు చాలలేదు.

ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. లోపలి ముదురాకులు అరడజను రాలితే అది సహజం. చిగురాకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు, ఉప్పుబోరు నీళ్ళున్న చోట ఇది బాగా చూస్తాను. లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మఉప్పు కలిపి చల్లపూట రెండు మూడుసార్లు చల్లితే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. మొత్తం చెట్టు వాలిపోయి పాదు తడిగానే ఉంటే మాత్రం నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళుతున్నాయి. మొగ్గలు రాలడం కూడా చాలావరకు నీళ్ళ తేడా వల్లే, ఒకరోజు బకెట్టు పోసి నాలుగు రోజులు మరిచిపోతే చెట్టు ముందు వదిలించుకునేది మొగ్గల్నే. ముద్దరకాలు ఇంకా తొందరగా రాలుస్తాయి.

అపోహ: మందార టీ అంటే పెరట్లో పువ్వు మరిగించడమే.

బజార్లో అమ్మే ఎర్రటి పుల్లటి టీ మన ఎర్రగోంగూర కాయల చుట్టూ ఉండే రక్షక పత్రాలతో చేసేది, ఆ మొక్క హైబిస్కస్ సబ్దరిఫా. బీపీ మీద పరీక్షలు ఎక్కువగా జరిగింది దాని మీదే. పెరటి పువ్వును మందులా తాగాలనుకుంటే, ముఖ్యంగా గర్భిణులు, డాక్టర్ని అడగకుండా తాగొద్దు. మందు కొట్టిన చెట్టు పువ్వైతే ఎవరూ తాగొద్దు.

చివరిగా, ఇల్లు మారుతున్నాం, అమ్మ నాటిన చెట్టు తవ్వి తీసుకెళ్ళొచ్చా అని అడిగేవాళ్ళకు. పదేళ్ళ చెట్టును తవ్వితే బతికే అవకాశం తక్కువ. ముద్దమందారం విత్తనం కట్టదు, రేకమందారం కూడా విత్తనం కట్టడం చాలా అరుదు. కాబట్టి వానాకాలంలో పెన్సిలు లావు కొమ్మలు జానెడేసి కోసి, పై రెండాకులు ఉంచి, ఇసుక కలిపిన మట్టిలో నీడన గుచ్చండి. రెండు మూడు కాదు, పది గుచ్చండి, సగం పోయినా మిగిలినవి అదే చెట్టు, అదే పువ్వు.