మోసం లేకపోయినా వెనక్కి వెళ్లే వైద్య పరిశోధనలు

ఒక పరిశోధన పత్రాన్ని జర్నల్ ఉపసంహరించుకుందని వినగానే ఎవరో దొంగ లెక్కలు రాశారనే అనుకుంటాం. ఆ అనుమానం నిరాధారం కాదు. 2012 మే నాటికి ఉపసంహరణకు గురైన 2,047 జీవవైద్య పత్రాలను పరిశీలిస్తే, మూడింట రెండు వంతులకు అక్రమాలే కారణమని తేలింది. అయితే దాదాపు ఐదో వంతు పత్రాలను వెనక్కి పంపింది పొరపాట్లే. అంకెలన్నీ నిజమైనవే అయినా ప్రయోగాన్ని రూపొందించిన తీరులోనే లోపం ఉంటే, ఆ తర్వాత ఎంత గణాంకశాస్త్రం ప్రయోగించినా అది పూర్తిగా పూడదు.

ఈ ఎరుక వైద్యరంగంలో స్థిరపడింది 1948లో. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని బ్రిటన్‌లో 107 మంది రోగులపై పరీక్షించినప్పుడు, ఎవరికి మందు ఇవ్వాలో డాక్టర్ల ఇష్టానికి వదలలేదు. గణాంక నిపుణుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం ముందే నిర్ణయించి, సీలు వేసిన కవర్లలో పెట్టించారు. త్వరగా కోలుకునేలా కనిపించేవారిని తెలియకుండానే మందు గ్రూపులోకి చేర్చే ప్రమాదం దాంతో తప్పింది.

ఆ నియమం సడలితే ఏమవుతుందో స్పెయిన్‌లో జరిగిన ‘ప్రెడిమెడ్’ అధ్యయనం చూపింది. ఆలివ్ నూనె లేదా గింజపప్పులతో కూడిన మధ్యధరా ఆహారం గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులను దాదాపు 30 శాతం తగ్గిస్తుందని, 7,447 మందిని పరిశీలించి 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించారు. 2017లో బ్రిటిష్ మత్తు వైద్యుడు జాన్ కార్లైల్ ఐదు వేలకు పైగా ట్రయల్స్‌లో రోగుల వయసు, ఎత్తు, బరువు వంటి ప్రారంభ వివరాలను జల్లెడపట్టారు. గ్రూపుల మధ్య ఆ అంకెలు యాదృచ్ఛిక కేటాయింపులో రావలసినట్టు లేని పత్రాల్లో ప్రెడిమెడ్ ఒకటి. పరిశోధకులే రికార్డులు తిరగేశారు. ఒక కేంద్రం పరిధిలో మనుషులను విడివిడిగా కాక, ఒక్కో క్లినిక్‌కు వచ్చేవారందరినీ ఒకే గ్రూపులో వేశారు. మరికొన్ని చోట్ల ఒకే ఇంటివారికి ఒకే ఆహారం కేటాయించారు. 2018 జూన్‌లో పాత పత్రాన్ని ఉపసంహరించి, సవరించిన విశ్లేషణను అదే జర్నల్‌లో ప్రచురించారు. అనుమానం ఉన్న 1,588 మందిని తీసేసి లెక్కించినా ఫలితం దాదాపు అలాగే ఉంది. కానీ ఆ ఆహారమే ముప్పును తగ్గించిందని మునుపటంత గట్టిగా చెప్పే హక్కు పోయింది. తమ పనిని తామే ఇంత బహిరంగంగా తవ్వి చూపడం, నా దృష్టిలో, గౌరవించదగిన పని.

ఫ్రాన్స్‌కు చెందిన సెరాలినీ బృందం కథ వేరు. జన్యుమార్పిడి మొక్కజొన్న తిన్న ఎలుకల్లో కణితులు వచ్చాయన్న వారి 2012 పత్రాన్ని మరుసటి ఏడాది జర్నలే, రచయితలు ఒప్పుకోకపోయినా, ఉపసంహరించింది. గ్రూపుకు పది ఎలుకలే. పైగా వయసు పెరిగేకొద్దీ సహజంగానే కణితులు వచ్చే స్ప్రేగ్-డాలీ జాతి. మోసం ఆనవాళ్లు లేవని, ఫలితాలు మాత్రం ఏదీ తేల్చలేవని సంపాదకుడు ప్రకటించారు. 2014లో ఆ పత్రం మరో జర్నల్‌లో వెలువడింది.

నిజాయతీతో చేసిన పొరపాటు వల్ల ఫలితం నమ్మదగనిదైనా పత్రాన్ని ఉపసంహరించవచ్చని, ప్రచురణ నైతికతా సంస్థ ‘కోప్’ 2009లోనే మార్గదర్శకాలిచ్చింది. అయినా మోసగాడి పత్రం మీదా, తప్పును తానే సరిదిద్దుకున్నవారి పత్రం మీదా పడేది ఒకటే ముద్ర. ఆ భయం ఉన్నంతకాలం రికార్డులు తిరగేయడానికి ముందుకొచ్చేవారు తక్కువే. అందుకే ప్రెడిమెడ్‌లో చేసినట్టు, ఉపసంహరణతో పాటే సవరించిన పత్రాన్నీ ప్రచురించే పద్ధతి అన్ని జర్నళ్లకూ అలవాటు కావాలి.