జవాబు రాలేదంటే పని జరగనట్టేనా?

అమీర్‌పేటలో రెండు చాయ్‌లకు ఫోన్‌లో 30 రూపాయలు పంపాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. గల్లా పక్కనున్న సౌండ్ బాక్సు నోరు మెదపలేదు. మళ్ళీ పంపబోతుంటే చాయ్ పోసే ఆయన ఆపాడు. "మళ్ల కొట్టకు సార్, రెండుసార్లు పోతయ్. ఆగు, వస్తది."

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు నేను మొదటి వారంలో చెప్పే పాఠం సరిగ్గా ఇదే.

ఒకే కంప్యూటర్లో నడిచే పని అయితే అవుతుంది, లేకపోతే లేదు. దాన్ని నాలుగు యంత్రాలకు పంచగానే 'తెలియదు' అనే మూడో స్థితి వచ్చి పడుతుంది. నా 30 రూపాయల కబురు నా బ్యాంకు, కొట్టు బ్యాంకు, మధ్యలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ యంత్రాలు దాటాలి. జవాబు రాలేదంటే కబురే దారి తప్పిందేమో. చేరాక అవతలి సర్వర్ పని మధ్యలో ఆగిందేమో. పనంతా అయ్యి, 'అయింది' అన్న మాట ఒక్కటే తిరుగుదారిలో పోయిందేమో. ఇవతల ఎదురుచూసేవాడికి మూడూ ఒకేలా కనబడతాయి.

పోనీ, కబురు అందినట్టు రసీదు అడిగితే? రసీదూ తప్పిపోవచ్చు. దానికి మళ్ళీ రసీదు, ఆ రసీదుకు ఇంకోటి. ఎన్ని పంపినా ఆఖరిదాని మీద అనుమానం మిగిలే ఉంటుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే 1978లో దీన్ని ఇద్దరు సేనానుల కథగా చెప్పాడు. ఇది నెట్‌వర్క్ వేగం పెంచితే తీరే చిక్కు కాదు, తీరదని గణితం రుజువు చేసిన చిక్కు.

కాబట్టి జవాబు రాని యంత్రం మళ్ళీ పంపక తప్పదు. రెండోసారి చేరినా నష్టం లేకుండా చూసుకోవాలి, అంతే. లిఫ్ట్ బటన్ పదిసార్లు నొక్కినా లిఫ్ట్ ఒక్కసారే వస్తుంది కదా, అలాగన్నమాట. ఈ గుణాన్నే ఐడెంపొటెన్సీ అంటారు. పంపే యంత్రం ప్రతి పనికీ ముందే ఒక నంబరు ఇస్తుంది, మళ్ళీ పంపినా అదే నంబరుతో పంపుతుంది. అందుకున్న సర్వర్ ఆ నంబరును పట్టీలో చూసి, పని చేసేసి ఉంటే పాత జవాబే ఇస్తుంది. నేను వేలితో రెండోసారి చెల్లిస్తే మాత్రం కొత్త నంబరు పుడుతుంది. చాయ్ ఆయన భయం అందుకే నిజం.

ఇక్కడ చాలామంది జారిపడే చోటొకటుంది. డబ్బు తీయడం, నంబరు రాయడం ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి, అంటే అయితే రెండూ అవ్వాలి, లేకపోతే రెండూ అవ్వకూడదు. డబ్బు తీశాక, నంబరు రాసేలోపు సర్వర్ పడిపోతే రెండోసారీ కోత పడుతుంది.

నా గ్లాసు సగమయ్యేసరికి బాక్సు 'ముప్పై రూపాయలు' అని పలికింది.

ఒక యంత్రం ఇంకోదానికి కబురు పంపే తీరులోనూ తేడా ఉంది. వెబ్ సర్వీసును, అంటే నెట్‌లో అవతలి యంత్రం చేసిపెట్టే పనిని, పిలవడమంటే ఫోన్ చేసి లైన్లోనే నిలబడటం. అవతల ఆలస్యమైతే ఇవతల అందరూ ఆగిపోతారు. మెసేజ్ క్యూ అయితే పోస్టు డబ్బా లాంటిది. ఉత్తరం వేసి మన పని మనం చూసుకోవచ్చు. లింక్డిన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి వాడుకోగలిగేది) అయిన కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్ ఇలా వచ్చిన కబుర్లను డిస్కులో భద్రపరుస్తుంది. అన్నిటినీ క్యూలో పడేయడం నాకు నచ్చదు. ఖాతాలో డబ్బుందా అన్నది అప్పటికప్పుడు అడగాల్సిందే. రసీదు, ఎస్‌ఎంఎస్, సౌండ్ బాక్సు పిలుపు నిమ్మళంగా వెనకాల రావచ్చు.

క్యూ కూడా ఒకే కబురును రెండుసార్లు అందించవచ్చు, అక్కడా నంబరే కాపాడుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా పని కాని కబుర్లను డెడ్ లెటర్ క్యూ అనే పక్క వరుసలోకి జరుపుతారు. మా జట్టులో పొద్దున రాగానే ఎవరో ఒకరు ఆ వరుస తెరిచి, ఒక్కొక్కటే చదువుతారు.